పుస్తకం మూసి రాయగలిగిందే వచ్చినట్టు: సెమిస్టర్ మొదటి వారం నుంచి రిజల్టు దాకా

"ఎంత చదివినా పరీక్షలో గుర్తుకు రావట్లేదు సార్." "ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇక్కడ క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లా." "ఫస్ట్ సెమ్‌లోనే రెండు పోయినయి, ఇప్పుడెట్టా?" నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఏ ఊరి కాలేజీ పిల్లలు అడిగినా తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరికే వస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట వరసగా రాస్తున్నాను. డిగ్రీ, బీటెక్ మొదటి రెండేళ్లలో ఉన్నవాళ్లకు ఎక్కువగా పనికొస్తుంది.

ఇట్లా అడిగేవాళ్లలో ఎక్కువమంది బద్ధకస్తులు కారు. గంటల కొద్దీ కూర్చుంటారు. కూర్చుని, చదివిన పేజీనే మళ్లీ చదువుతారు. రెండోసారికి పేజీ బాగా తెలిసినట్టు అనిపిస్తుంది, దాన్నే వచ్చేసిందనుకుంటారు. పరీక్ష హాల్లో ఆ పేజీ ఎదురుగా ఉండదు, ప్రశ్న ఒక్కటే ఉంటుంది. అందుకే ఈ పద్ధతంతా ఒకే పని చుట్టూ తిరుగుతుంది: వారానికోసారి పుస్తకం మూసి, జ్ఞాపకం మీద రాసి, తర్వాత తెరిచి దిద్దుకోవడం. మిగతా మెట్లన్నీ ఆ పని సాగేందుకు చేసే ఏర్పాట్లు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి తీసిన సిలబస్, రెగ్యులేషన్ (పరీక్షలు, మార్కులు, హాజరు రూల్స్) కాపీ. జిరాక్స్ తీయించి నోటుబుక్కులో అంటించండి.
- ప్రతి సబ్జెక్టుకీ గడిచిన మూడు నాలుగేళ్ల ప్రశ్నపత్రాలు. సీనియర్ల దగ్గర, కాలేజీ లైబ్రరీలో దొరుకుతాయి.
- ఈ సెమిస్టర్ అకడమిక్ క్యాలెండర్. మిడ్ (సెమిస్టర్ నడుస్తుండగా కాలేజీలో పెట్టే పరీక్ష) తేదీలు, క్లాసులు ముగిసే రోజు అందులోనే ఉంటాయి.
- సబ్జెక్టుకొక లాంగ్ నోటుబుక్, రాసి దిద్దుకునేందుకు తెల్ల కాగితాలు, ఒక ఎర్ర పెన్ను.
- గడియారం. ఫోనులో టైము చూసుకుందామని పక్కన పెట్టుకుంటే అది టైము ఒక్కటే చూపించదు.

మొదటి వారంలోనే ఆల్‌ఇన్‌వన్ గైడు కొనాల్సిన పని లేదు. దాంతో మొదలుపెట్టినవాళ్లు టెక్స్ట్‌బుక్ జోలికి పోరు, క్లాసు కూడా తేలిగ్గా తీసుకుంటారు. కావాలంటే పరీక్షల ముందు, జవాబులు సరిచూసుకునేందుకు కొనుక్కోండి.

1. ముందు లెక్క తెలుసుకోండి

నెల్లూరు వైపు డిగ్రీ కాలేజీలు కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ కిందా, ప్రకాశం వైపువి ఒంగోలులోని ఆంధ్ర కేసరి యూనివర్సిటీ కిందా ఉన్నాయి. ఇంజనీరింగ్‌లో నెల్లూరు కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురానికి, ఒంగోలు వైపువి జేఎన్‌టీయూ కాకినాడకు అనుబంధం. కొన్ని కాలేజీలు అటానమస్, అంటే పరీక్షలు సొంతంగా పెట్టుకుంటాయి. అందుకని పక్క కాలేజీలో చదివే మీ స్నేహితుడి రూలు మీకు వర్తించకపోవచ్చు. సొంత రెగ్యులేషన్ ఒకసారి కూర్చుని చదవండి. గంట కూడా పట్టదు.

జేఎన్‌టీయూ ఆర్23 (2023లో వచ్చిన) రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ (మిడ్‌ల వంటివి) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 70 మార్కులు. పాస్ కావాలంటే రెండు షరతులు. ఎక్స్‌టర్నల్లో 35 శాతం, అంటే 70కి కనీసం 25 రావాలి. రెండూ కలిపి 40 కావాలి. చాలామంది రెండోది ఒక్కటే గుర్తు పెట్టుకుంటారు. ఇంటర్నల్లో 28 వచ్చి ఎక్స్‌టర్నల్లో 24 వస్తే మొత్తం 52, అయినా ఫెయిలే. తిప్పి చూస్తే, ఇంటర్నల్లో 9 మాత్రమే ఉన్నవాళ్లకు 25 సరిపోదు, 31 రావాలి.

రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం బరువు. మొదటి మిడ్‌లో 28, రెండోదాంట్లో 15 వచ్చాయనుకోండి: 22.4, దానికి 3 కలిపితే 25.4. మొదటి మిడ్ బాగా రాసినవాళ్లకు సెమిస్టర్ చివర ఎంత ఊపిరి ఆడుతుందో చూడండి. "రెండో మిడ్‌లో చూసుకుందాంలే" అనేవాళ్లు సరిగ్గా సిలబస్ పరుగులు పెట్టే నెలలో చూసుకోవాల్సి వస్తుంది.

ఎస్‌జీపీఏ (సెమిస్టర్ గ్రేడు పాయింట్ల సగటు) మామూలు సగటు కాదు, ఒక్కో సబ్జెక్టు పాయింట్లను దాని క్రెడిట్లతో, అంటే ఆ సబ్జెక్టుకిచ్చిన బరువుతో గుణించాలి. 3 క్రెడిట్ల సబ్జెక్టులో 9, ఇంకో 3 క్రెడిట్ల దాంట్లో 6, ఒకటిన్నర క్రెడిట్ ల్యాబులో 10 పాయింట్లు వస్తే, 27, 18, 15 కలిపి 60. దాన్ని ఏడున్నరతో భాగిస్తే 8. క్రెడిట్లు ఎక్కువున్న సబ్జెక్టుకు ఎక్కువ గంటలు ఇవ్వాలనేది ఇక్కడే తేలుతుంది. డిగ్రీ వాళ్లు కూడా తమ రెగ్యులేషన్లో ఇవే మూడు వెతకండి: ఇంటర్నల్-ఎక్స్‌టర్నల్ విభజన, విడిగా ఉన్న కనీస మార్కులు, క్రెడిట్లు.

2. సిలబస్ పక్కన పాత ప్రశ్నలు రాయండి

రెండో వారంలోపు చేయాల్సిన పని. సిలబస్ కాపీలో ఒక్కో అంశం పక్కన, ఆ అంశం మీద ఏ ఏడాది ఏ ప్రశ్న వచ్చిందో పెన్సిల్‌తో రాయండి. నాలుగు పేపర్లు ఎక్కించేసరికి ఎక్కడ గుంపుగా పడ్డాయో, ఎక్కడ ఖాళీగా ఉందో కళ్లకు కనబడుతుంది. సార్ క్లాసులో ఆ అంశం మొదలుపెట్టినప్పుడు, ఇది పది మార్కుల ప్రశ్నా, రెండు మార్కుల ముక్కా అన్నది మీకు ముందే తెలిసి ఉంటుంది.

దీన్ని "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" జాబితాగా వాడకండి. ఖాళీగా ఉన్న అంశాలను వదిలేయమని కాదు చెప్పేది, ముందు ఏది పట్టుకోవాలో తెలుసుకోమని. రెగ్యులేషన్ మారినప్పుడు యూనిట్లు అటూ ఇటూ అవుతాయి కాబట్టి పాత పేపరులోని ప్రశ్న మీ సిలబస్‌లో ఉందో లేదో చూసుకున్నాకే రాయండి.

3. క్లాసులో తక్కువ రాయండి, సాయంత్రం పది నిమిషాలు ఇవ్వండి

పేజీకి ఎడమవైపు మూడు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి. కుడివైపు క్లాసులో చెప్పింది: శీర్షిక, బొమ్మ, సూత్రం, సార్ చెప్పిన ఉదాహరణ. ప్రతి వాక్యం పట్టుకోవాలని చూస్తే వినడం ఆగిపోతుంది. అర్థం కాని చోట ఒక ప్రశ్న గుర్తు వేసి ముందుకు పోండి.

అదే రోజు సాయంత్రం ఎడమవైపు ఖాళీలో ప్రశ్నలు రాయండి, జవాబు కుడివైపు ఉన్నట్టుగా. ఆదివారానికి ఇవే మీ ప్రశ్నపత్రం. బోర్డు ఫొటో తీసుకుని సరిపెట్టుకునేవాళ్లు ఒక పని చేసి చూడండి: పోయిన నెల తీసిన ఫొటోల్లో ఎన్నింటిని మళ్లీ తెరిచారో లెక్కబెట్టండి.

4. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు

ఇది కాస్త వివరంగా చెప్పాలి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఉదయగిరి, వింజమూరు, కనిగిరి, దర్శి వైపు సర్కారు బళ్లలో, జూనియర్ కాలేజీల్లో తెలుగులో చదివి వచ్చిన పిల్లలకు మొదటి రెండు నెలలు నరకంగా ఉంటాయి. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన అమ్మాయి ఇక్కడ చివరి బెంచీలో తల దించుకుని కూర్చుంటుంది. ఆమెకు తెలివి తగ్గలేదు. ఒకే సమయంలో రెండు బరువులు మోస్తోంది, విషయమూ కొత్తదే, భాషా కొత్తదే. ఆ రెండింటినీ విడదీయండి.

ముందు విషయం తెలుగులో. రేపటి అంశానికి సంబంధించిన పునాది ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకంలో ఎక్కడుందో చూసి పది నిమిషాలు చదవండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బాటనీ, ఎకనామిక్స్, కామర్స్, ఏదైనా సరే, డిగ్రీలో మొదటి యూనిట్లు ఎక్కువగా ఇంటర్ పాఠం మీదే నిలబడతాయి. ఇంటర్ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేసి ఉంటే వెనక్కి తెచ్చుకోండి. ఇంజనీరింగ్ వాళ్లకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) వాళ్ల ఈ-కుంభ్ పోర్టల్‌లో తెలుగు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ కోర్సులు) పాఠాల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలున్నాయి.

తర్వాత మాటలు. యూనిట్‌కు పదిహేను ఇరవై సాంకేతిక పదాలే ఉంటాయి. నోటుబుక్ వెనక పేజీలో పదం, పలికే తీరు తెలుగు లిపిలో, తెలుగులో ఒక వాక్యం అర్థం. ఇంగ్లీషు మొత్తం నేర్చుకున్నాక సబ్జెక్టు చదువుతానంటే సెమిస్టర్ అయిపోతుంది. ఈ ఇరవై పదాలు పట్టుకుంటే క్లాసులో సగం విప్పుకుంటుంది.

మూడోది, ప్రశ్నలో ఉండే క్రియ. ఇక్కడ చాలా మార్కులు పోతున్నాయి. 'డిఫైన్' అంటే నిర్వచనం, ఒకటి రెండు వాక్యాలు, వీలైతే ఒక ఉదాహరణ. 'ఎక్స్‌ప్లెయిన్' అంటే ఎట్లా జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో వరసగా. 'డిస్టింగ్విష్' అంటే రెండు నిలువు వరసల పట్టిక, ఎదురెదురుగా తేడాలు. దీనికి రెండింటి గురించీ విడివిడిగా పేరాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. 'డిరైవ్' అంటే మొదటి సమీకరణం నుంచి చివరిదాకా మెట్లన్నీ చూపాలి, చివరి సూత్రం ఒక్కటీ రాస్తే చాలదు. 'జస్టిఫై' అంటే అవునో కాదో చెప్పి కారణం ఇవ్వాలి.

నాలుగోది, చిన్న వాక్యాలు. ఎనిమిది పది పదాల్లో ఒక విషయం, అంతే. తప్పుల్లేని పొడవాటి ఇంగ్లీషు రాయాలన్న తాపత్రయంతో గైడులోని పేరాలు బట్టీ పడతారు, మధ్యలో ఒక్క పదం జారితే మొత్తం ఆగిపోతుంది. సొంతంగా రాసిన చిన్న వాక్యం ఆగదు. దిద్దేవాళ్లు పాయింట్లు, బొమ్మలు, మెట్లు వెతుకుతారు. వ్యాకరణంలో చిన్న తప్పు దొర్లినా విషయం సరిగ్గా ఉంటే మార్కు పడుతుంది.

క్లాసులో సందేహం తెలుగులోనే అడగండి. "సార్, ఇది తెలుగులో ఒకసారి చెప్పండి" అంటే విసుక్కునే లెక్చరర్లు తక్కువ. మొహమాటంగా ఉంటే క్లాసు అయ్యాక స్టాఫ్‌రూము దగ్గరికి వెళ్లండి. "ఏమీ అర్థం కాలేదు సార్" అంటే ఆయన ఎక్కడ మొదలుపెట్టాలి? "మూడో మెట్టు దాకా వచ్చింది మేడమ్, అక్కడ మైనస్ ఎందుకొచ్చిందో తెలియలేదు" అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

సరిచూసుకునే తీరు: ఆ అంశాన్ని ఇంట్లో అమ్మకో తమ్ముడికో తెలుగులో చెప్పగలగాలి. తర్వాత అదే విషయాన్ని ఐదు ఇంగ్లీషు వాక్యాల్లో, చూడకుండా రాయగలగాలి. మొదటిది రాకపోతే విషయం రాలేదు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే పదాల పేజీ దగ్గరికి వెళ్లండి.

5. ఆదివారం గంటన్నర: పుస్తకం మూసి రాయడం

ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి పట్టుకోండి.

ఆ వారం జరిగిన పాఠాల నుంచి రెండు పెద్ద ప్రశ్నలు, ఐదు చిన్నవి ఎంచుకోండి. ఎడమవైపు మీరు రాసుకున్నవి, సిలబస్ పక్కన పెన్సిల్‌తో రాసినవి ఉన్నాయిగా, వాటిలోంచి. అన్ని సబ్జెక్టులూ ఒకే ఆదివారం పట్టవు, రెండు మూడు తీసుకోండి, వచ్చే వారం మిగతావి. పుస్తకాలు బ్యాగులో పెట్టి జిప్ వేయండి. ఫోను వేరే గదిలో ఉంచండి. గడియారం చూసి పెద్ద ప్రశ్నకు 25 నిమిషాలు, చిన్నదానికి మూడు నాలుగు నిమిషాలు పెట్టుకోండి.

మధ్యలో ఆగిపోతారు. ఆగిపోయిన చోట రెండు గీతలు ఖాళీ వదిలి ముందుకు పోండి. పుస్తకం తెరవాలని చెయ్యి లాగుతుంది. తెరవొద్దు. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ తిప్పలే అసలు చదువు.

టైము అయ్యాక పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. సరైనదానికి టిక్కు, తప్పుకు కొట్టివేత, వదిలేసినదాన్ని ఎర్రగా పైన రాయడం. పదికి ఎంతో మీరే వేసుకోండి, మీ పేపరు అని జాలి చూపొద్దు. ఎర్రగా రాసినవన్నీ తీసి నోటుబుక్ చివర 'తప్పుల పేజీ'లో ఎక్కించండి. పరీక్ష ముందు రోజు తిరగేయాల్సింది ఆ పేజీ.

మొదటి ఆదివారం పదికి మూడో నాలుగో వస్తాయి. బెంబేలు పడొద్దు, అందరికీ అంతే. వచ్చే ఆదివారం కొత్త ప్రశ్నల కంటే ముందు పాతవి రెండు రాయండి: పోయిన వారంది ఒకటి, మూడు వారాల కిందటిది ఒకటి. మూడోసారి రాసినా ఐదు దాటకపోతే లోపం జ్ఞాపకంలో లేదు, అర్థం కావడంలో ఉంది. ఇంకోసారి రాయొద్దు, ఆ కాగితం పట్టుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్లండి.

ఇది పనిచేస్తుందా అని అడిగేవాళ్ల కోసం ఒక్క ప్రయోగం చెబుతాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొన్నింటిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొన్నింటిని చూడకుండా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివిందే బాగా గుర్తుంది. వారం తర్వాత పెడితే చూడకుండా రాసిందే ఎక్కువ నిలిచింది. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత జరగవు.

సబ్జెక్టును బట్టి మార్పులు:

- మ్యాథ్స్, ఇంజనీరింగ్ లెక్కలు: సాల్వ్ చేసిన లెక్కను కథలాగా చదవొద్దు. జవాబు మీద కాగితం కప్పి మీరు చేయండి. ఆగితే ఒక్క మెట్టు మాత్రమే కిందికి జరిపి చూసి మళ్లీ కప్పండి. రెండు రోజుల తర్వాత అదే లెక్క అంకెలు మార్చి చేయండి.
- అకౌంట్స్: లెడ్జర్, ఫైనల్ అకౌంట్స్ పూర్తిగా కట్టాలి. సర్దుబాట్లు నోటితో చెప్పుకుంటే వచ్చినట్టే ఉంటాయి, కాగితం మీద టోటల్ కలవదు.
- ప్రోగ్రామింగ్: పరీక్షలో రాసేది కాగితం మీదే కాబట్టి ముందు కాగితం మీద రాయండి, తర్వాత కంప్యూటర్లో నడిపి తప్పులు చూడండి.
- బాటనీ, జువాలజీ: బొమ్మ చూడకుండా గీసి భాగాలు గుర్తించండి. బొమ్మ అందంగా రావడం కంటే పేర్లు సరైన చోట పడటం ముఖ్యం.

హాస్టల్లో ఉంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ప్రశ్నపత్రం రాసి పేపర్లు మార్చుకుని దిద్దుకోండి. పక్కవాడు మీ మీద జాలి చూపడు. నలుగురు దాటితే అది చదువు గుంపుగా మిగలదు, అది మాత్రం చూసుకోండి.

ఏఐ చాట్‌బాట్లను ఇక్కడే వాడొచ్చు: "ఈ అంశం మీద నన్ను ఐదు ప్రశ్నలడుగు" అనండి. జవాబులు మాత్రం టెక్స్ట్‌బుక్‌తోనే సరిచూడండి, అది ధైర్యంగా తప్పు చెప్పగలదు. అసైన్‌మెంట్ దానితో రాయించుకుంటే ఆ రెండు గంటలు మిగిలినట్టే ఉంటుంది, మిడ్‌లో అదే ప్రశ్న వచ్చినప్పుడు చేతికి ఏమీ రాదు.

6. బస్సులో గడిచే రెండు గంటలు

ఆత్మకూరు నుంచి నెల్లూరుకు, పొదిలి నుంచి ఒంగోలుకు పాస్ తీసుకుని రోజూ తిరిగేవాళ్లున్నారు. ఉలవపాడు, బిట్రగుంట నుంచి రైలెక్కేవాళ్లున్నారు. కదిలే బస్సులో పుస్తకం చదివితే తల తిరుగుతుంది, సీటు దొరికితేగా అసలు. చదవక్కర్లేదు. ఉదయం వెళ్లేటప్పుడు నిన్నటి క్లాసుల శీర్షికలు మనసులో చెప్పుకోండి, గుర్తురానివి మాత్రం దిగాక చూసుకోండి. సూత్రాలు, నిర్వచనాలు చిన్న అట్టముక్కల మీద రాసి జేబులో పెట్టుకోవచ్చు, ముందు ప్రశ్న, వెనక జవాబు.

ఇంటికెళ్లాక వంటపని, గేదెల పని తప్పని అమ్మాయిలు చాలామంది. వాళ్లకు నేను చెప్పేది: కాలేజీలోనే, చివరి క్లాసుకీ బస్సుకీ మధ్య ఉన్న ముప్పావు గంటను లైబ్రరీలో గట్టిగా వాడుకోండి. సాయంత్రం పది నిమిషాల పని అక్కడే ముగుస్తుంది. ఆదివారం గంటన్నర మాత్రం ఇంట్లో అడిగి తీసుకోండి. మీ అన్నకు దొరికే గంటన్నర మీకూ దొరకాలి.

7. వానలు, పొగాకు బ్యారన్లు, హాజరు

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. వాయుగుండం పడితే సెలవులిస్తారు, కరెంటు పోతుంది, వాగులు పొంగి బస్సులు ఆగుతాయి. సరిగ్గా అదే మొదటి సెమిస్టర్ సిలబస్ పరుగెత్తే కాలం. సెలవుల తర్వాత రెండు యూనిట్లు వారంలో లాగించేస్తారు. కాబట్టి సెప్టెంబరులోనే ఒక యూనిట్ ముందుండేటట్టు చదువుకోండి. పీడీఎఫ్‌లు ఫోన్లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, పాత పేపర్లు కాగితం మీద ఉంచుకోండి.

రెండో సెమిస్టర్‌కు ఇంకో గండం ఉంది. కందుకూరు, కొండపి, పొదిలి వైపు బ్యారన్లలో (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాల్లో) పొగాకు కాల్చే రోజులు, నెల్లూరు డెల్టాలో వరి కోతలు ఈ సెమిస్టర్ మీదే పడతాయి. ఇంట్లో మనిషి అవసరం నిజమే, కాదనను. కానీ లెక్క తెలుసుకుని మానండి. జేఎన్‌టీయూలో మొత్తం మీద 75 శాతం హాజరు కావాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపి ఫీజు కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. 65 కూడా లేకపోతే డిటెన్షన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకూ 75 శాతమే కొలత.

పడిపోయిన హాజరు ఎంత మెల్లగా లేస్తుందో చూడండి. 50 క్లాసుల్లో 30కి వచ్చారంటే 60 శాతం. మళ్లీ 75కు చేరాలంటే ఇకముందు ఒక్కటి కూడా మానకుండా 30 క్లాసులు వినాలి. అప్పటికి 80లో 60. నెలకోసారి మీ శాతం ఆఫీసులో అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఇంట్లో పనికి ఆగాల్సి వస్తే ముందురోజే క్లాస్ ఇన్‌చార్జికి చెప్పండి, జబ్బు చేస్తే కాగితాలు దాచండి. సెమిస్టర్ చివర వెతికితే దొరకవు.

8. పరీక్షకు ముందు పది రోజులు, పరీక్ష రోజు

ఆదివారాలు రాసినవాళ్లకు ఈ పది రోజుల్లో కొత్తగా చదివేది పెద్దగా ఉండదు. సబ్జెక్టుకొక పాత పేపరు మొత్తం మూడు గంటలు కూర్చుని రాయండి. మొదటిసారి రాసేటప్పుడు విషయం కంటే ముందు చెయ్యి నొప్పి పుట్టి ఆగిపోతారు. ఆ ఆగడమేదో హాల్లో కాకుండా ఇంట్లోనే అయిపోవడం మంచిది.

ఆర్23 పేపరులో రెండు మార్కుల ప్రశ్నలు పది, పది మార్కులవి ఐదు. పది మార్కుల వాటిలో ఒక్కోదానికీ 'ఇది లేదా అది' ఛాయిస్ ఉంటుంది, ప్రతి యూనిట్ నుంచీ ఒకటి రాయాల్సిందే. నాలుగు యూనిట్లే చదివి వెళ్తే పది మార్కులు గేటు బయటే వదిలినట్టు. ఉన్న 180 నిమిషాల్లో చిన్నవాటికి 35, పెద్దవాటికి ఒక్కోదానికి 25 చొప్పున 125, మిగిలిన 20 సరిచూసుకోవడానికి. మొదటి పెద్ద జవాబుకే 45 నిమిషాలు పెట్టి చివరిది వదిలేయడం ప్రతి సెమిస్టర్‌లో కనబడే తప్పు. మీ పేపరు నమూనా వేరైతే ఇదే తీరుగా నిమిషాలు ముందే పంచుకుని వెళ్లండి.

ముందు రాత్రి తప్పుల పేజీ, పదాల పేజీ చూసి పడుకోండి. తెల్లవార్లూ కూర్చుని చదివి వెళ్తే తెలిసిన లెక్కలోనే గుర్తులు తారుమారవుతాయి. బస్సు మీద ఆధారపడేవాళ్లు మామూలుగా ఎక్కేదానికంటే ముందు బస్సుకు బయల్దేరండి. హాల్ టికెట్, ఐడీ కార్డు రాత్రే బ్యాగులో ఉండాలి. జవాబు మొదలుపెట్టే ముందు ప్రశ్న నంబరు, అందులోని క్రియ రెండూ మళ్లీ చూడండి. నంబరు తప్పు వేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

9. రిజల్టు వచ్చాక

అనుకున్నదానికంటే బాగా తక్కువ వస్తే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ తేడా తెలుసుకుని అప్లై చేయండి. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక, దిద్దకుండా వదిలిన జవాబులు చూస్తారు. రీవాల్యుయేషన్‌లో వేరే వాళ్లు పేపరు మళ్లీ దిద్దుతారు. గడువు నోటిఫికేషన్లోనే ఉంటుంది, తక్కువ రోజులే ఇస్తారు. పరీక్ష రాసి ఇంటికొచ్చిన రోజు రాత్రి ఏ ప్రశ్నకు ఏం రాశారో ప్రశ్నపత్రం మీదే గుర్తు పెట్టుకుని ఉంటే, అప్లై చేయడం దండగో కాదో మీకే తెలుస్తుంది.

సబ్జెక్టు పోయినవాళ్లు ముందు ఇంట్లో చెప్పేయండి. దాచిపెడితే సప్లీ (పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్ష) ఫీజు గడువు దాటిపోతుంది, ఒకటి కాస్తా రెండవుతుంది. జేఎన్‌టీయూలో రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి వెళ్లాలంటే రెగ్యులేషన్లో చెప్పిన సెమిస్టర్ దాకా ఉన్న క్రెడిట్లలో 40 శాతం సంపాదించి ఉండాలి. క్యాంపస్ ఎంపికలకు వచ్చే కంపెనీలు చాలావరకు 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్ (పాస్ కాకుండా మిగిలిన సబ్జెక్టు) లేకపోవడం అడుగుతాయి. అయినా మొదటి ఏడాది పోయిన సబ్జెక్టు రెండో ఏడాదిలో తీసేసుకుంటే దారి మూసుకుపోదు.

సప్లీలో పాత ఇంటర్నల్ మార్కులే లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఎన్ని కావాలో ముందే తేల్చుకోండి: 40లోంచి మీ ఇంటర్నల్ తీసేయండి, వచ్చింది 25 కంటే తక్కువైతే 25 పెట్టుకోండి, దానిపైన ఇంకో పదిహేను కలిపి అదే గురి అనుకోండి. సప్లీకి వారం ముందు మొదలుపెట్టొద్దు, ఆ వారంలో రెగ్యులర్ సబ్జెక్టులు కూడా మీద పడతాయి. ఈ ఆదివారం నుంచే, పుస్తకం మూశాక రాసే మొదటి ప్రశ్న ఆ పోయిన సబ్జెక్టుది కానివ్వండి. ఒక ఆదివారానికి ఒక పెద్ద ప్రశ్న, రెండు చిన్నవి. సప్లీ పేపరు చేతికొచ్చే రోజు దాకా ఆ వరస తప్పొద్దు.